పాట ఎత్తుకునే మనిషి

పోయిన నెల ఒక ఉదయం కొట్లో జాకెట్టు ముక్క కత్తిరిస్తుంటే మా చర్చి సంఘ పెద్దయ్య ఫోన్ చేశాడు. "బిడ్డా, టీచరమ్మ పోయింది. నిద్రలనే పోయిందట" అన్నాడు. నేను కత్తెర కింద పెట్టేలోపే, అదే గొంతుతో, "రేపు సమాధుల తోట కాడ పాట ఎవలు ఎత్తుకుంటరు?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆమె ఒళ్ళు ఇంకా చల్లబడి ఉండదు, ఈయనకు అప్పుడే పాట గొడవ పట్టుకుంది అనుకుని ఫోన్ పెట్టేశాను. మిషన్ ముందు కూర్చుని కాసేపు ఏడ్చాక గానీ తెలియలేదు, ఆయన కూడా ఏడుస్తూనే అడిగాడని. కొందరు అయ్యో అంటారు, కొందరు గుండెలు బాదుకుంటారు. మా పెద్దయ్య ఆ ప్రశ్న అడిగాడు. మా చర్చిలో పాట ఎత్తుకున్నది ఇన్నేళ్ళూ టీచరమ్మ ఒక్కతే మరి.

చర్చికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మా దగ్గర పాటకు ముందు వాద్యాలేవీ మోగవు. ఎవరో ఒకరు మొదటి ముక్క ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకుంటారు. ఆ ఎత్తుకోవడంలోనే ఉంది అంతా. శ్రుతి ఎక్కువైతే రెండో చరణానికి ఆడవాళ్ళ నరాలు తేలతాయి. టీచరమ్మ ముందు వరసలో కూర్చుని గడ్డం కొంచెం పైకెత్తేది. మేమంతా ఆ గడ్డం వైపు చూసేవాళ్ళం. ఒకసారి ఆమెకు జ్వరమొస్తే పాస్టరు గారు ధైర్యం చేసి తానే మొదలుపెట్టారు. పల్లవి దాటేసరికి ఆయన తప్ప పాడేవాళ్ళు మిగల్లేదు.

ఆమెకు అది పొగడ్తగా అనిపించేది కాదు, భయంగా ఉండేది. "నా గడ్డం దిక్కు చూసుడు ఎప్పుడు మానుతరే మీరు? నేను పోయిన్నాడు మూగోళ్ళ లెక్క నిలవడుతరా?" అని నన్ను కోప్పడేది. నేను గాయక బృందంలో ఆడవాళ్ళ కింది గొంతు పాడతాను. పక్కవాళ్ళు ఏం పాడితే దానికి కాస్త కింద నడిచే గొంతు. ఎత్తుకోవడం నా వల్ల అయ్యే పని కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా తిట్లు నాకే పడేవి, హనుమకొండలో ఆమె ఇల్లూ నా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ కాబట్టి.

ఆ గోడ అవతల ఏం జరుగుతుందో నాకు చెవులతోనే తెలిసేది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఒక రాగం, బట్టలు ఉతుకుతూ ఇంకొకటి. కాజీపేట వైపు పోయే రైలు కూత వేస్తే, "ఇయ్యాల శ్రుతి జర తగ్గింది దీనికి" అని తనలో తాను అనుకునేది. మా వీధికి కూరగాయల బండి తెచ్చే అతన్ని కూడా వదల్లేదు. ఒకరోజు అతను బొంగురు గొంతుతో టమాటాలు, బెండకాయలు అంటూ అరుస్తుంటే ఆపి నిలబెట్టింది. "గొంతుల నుంచి కాదు కొడుకా, కడుపుల నుంచి పిలువు. పొద్దుమూకేదాంక ఆగుతది" అని చెప్పి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని బెండకాయలని ఎలా పిలవాలో పిలిచి చూపించింది. వీధంతా తలుపులు తీసి చూసింది. అతను ఇప్పటికీ అలాగే పిలుస్తాడు. బెండకాయలు కొనాలని లేకపోయినా నేను బయటికి వస్తాను.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఇంట్ల ఇంకో మనిషుంటే ఎప్పుడో ఒకపాలి పాట ఆపుమంటరు. నాకెందుకచ్చిన ఫికర్?" అనేది. బడిలో పాటల టీచరుగా చేసి రిటైరైంది. కానీ ఆమె చదివిన అసలు బడి వేరు. చిన్నప్పుడు ఆమె తల్లి కాజీపేట రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి దొరసాని గ్రామఫోను పెట్టుకుని, దాంతోపాటు తానూ పాడుతూ పియానో వాయించేదట. ఈ పిల్ల వంటింటి గడప మీద కూర్చుని అర్థం తెలియని భాషలో ఆ పాటలన్నీ పట్టేసింది. దొరసాని అది విని, పిలిచి తన పక్కన పీట వేయించింది. అలా అబ్బింది ఆమెకు ఒపెరా.

"ఒపెరా అంటే ఏంది అక్కా?" అని నేను మొదటిసారి అడిగినప్పుడు ఆమె పప్పు తాలింపు వేస్తోంది. "మన పద్యనాటకం లెక్కనే. సచ్చేటోడు గూడ రాగం అయిపోయేదాంక సావడు" అంది.

అన్నీ ప్రేమ పాటలే. మేం చిన్నప్పటి నుంచి ఆమె దగ్గర గొంతు సాధనకు పాడిన వరసలు చాలావరకు అవేనని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. అక్కడికే వస్తున్నాను.

రిటైరయ్యాక ఆమెకు ఒక హాలు పిచ్చి పట్టింది. మా వీధి చివర మేడ మీద మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాన్ని అద్దెకు తీసుకుని, టైపు మిషన్ల బల్లలు పక్కకు నెట్టి, ఊళ్ళో పిల్లలకు పాట, నాటకం నేర్పడం మొదలుపెట్టింది. ఫలానా మతం పిల్లలని లేదు, ఫలానా వయసని లేదు. అక్కడ ఆమె పద్ధతి ఒకటే. శ్రుతి ఇచ్చేది కాదు. టీ గ్లాసు పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చునేది. ఎవరో ఒకరు లేచి మొదలుపెట్టేదాకా అలాగే కూర్చునేది. "పాట ఎత్తుకునుడంటే మంది ముంగట ఒక్కదానివి నిలవడుడు. గంతే. నేర్పనీకే ఇంకేం లేదు" అనేది. పిల్లలు కిసకిసలాడేవారు, ఒకరినొకరు తోసుకునేవారు, చివరికి ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు. తప్పు పోయినా ఆమె తిరిగి చూసేది కాదు.

శ్రీలత అక్కడికి వచ్చిన తీరు చెప్పాలి. చౌరస్తాలో వాళ్ళది బట్టల దుకాణం. శ్రీలత ఆ ఇంటి కోడలు. టీచరమ్మా నేనూ లైనింగు గుడ్డ కొనడానికి వెళ్ళినప్పుడు ఆమె మెట్ల దగ్గర నిలబడి, "పైనుంచి ఆ మెరూన్ పట్టుచీర వెయ్యి!" అని పై అంతస్తుకు కేక వేసింది. టీచరమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "బిడ్డా, ఇంకోపాలి పిలువు" అంది. శ్రీలత తెల్లబోయి మళ్ళీ పిలిచింది. "ఇంకోపాలి." పైనున్నవాళ్ళు మూడు మెరూన్ చీరలు కింద పడేశారు.

గల్లా దగ్గర కూర్చున్న అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, "ఏం సంగతి టీచరమ్మా?" అంది.

"నీ కోడలు గొంతు వారంల రెండు పూటలు నాకు ఇయ్యి వదినా."

"దుకాణం ఎవలు చూస్తరు? ఆమె పాటలు పాడితే చీరలు నువ్వు అమ్ముతవా?"

"అమ్ముత" అంది టీచరమ్మ. అన్న మాట నిలబెట్టుకుంది కూడా. మొదటి నెలంతా శ్రీలత ఎంతసేపు సాధన చేస్తే, మర్నాడు సరిగ్గా అంతసేపు ఆ దుకాణంలో కూర్చుని చీరలు అమ్మింది. నిజం చెప్పాలంటే అమ్మలేదు, వచ్చినవాళ్ళతో "ఈ రంగు నీకు నప్పదు బిడ్డా" అని చెప్పి పంపించేసింది. అత్తగారు దండం పెట్టి, "నువ్వు పో తల్లీ, పిల్లను పంపుత" అంది.

అంతా కుదురుకుంటుండగా హాలు యజమాని కబురు పెట్టాడు. మిరపకాయల వ్యాపారి ఎవరో గోదాముకు అడుగుతున్నారు, ఎండాకాలం దాటేలోపు పెద్ద మొత్తం అడ్వాన్సు కడితే సరి, లేదంటే ఖాళీ చెయ్యమన్నాడు. టీచరమ్మ ఆ రోజు అన్నం తినలేదు. గోడ అవతల ఏ రాగమూ వినపడకపోతే నేనే వెళ్ళాను. "హాలు పోతే పోయింది అక్కా, ఇంట్ల చెప్పుకో" అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఇంట్ల నేనుంట గదా. నా ఇంట్ల నా ముంగట ఎవలూ ఎత్తుకోరు. హాలంటే వాళ్ళది" అంది. ఆ హాలు ఆమెకు ఎందుకంత ముఖ్యమో నాకు అప్పుడు తెలిసింది. ఆమె లేని రోజుకు మమ్మల్ని తయారు చేసుకుంటోంది.

మర్నాటికే ఉపాయం దొరికింది. ఒపెరా పాటలతో ఒక సాయంత్రం కచేరీ, అన్నీ ప్రేమ పాటలే, తెలుగు మాటలతో. టికెట్టు లేదు, నచ్చినవాళ్ళు నచ్చినంత ఇస్తారు. "భక్తి పాటలు పెడితే మనోళ్ళే వస్తరు చెల్లె. ప్రేమంటే ఊరంత వస్తది" అంది. మాటలన్నీ తానే రాసింది. బట్టలు నా నెత్తిన పడ్డాయి. శ్రీలత వాళ్ళ దుకాణంలో మిగిలిపోయిన తెరల గుడ్డతో నేను గౌను కుట్టాను. నేలంతా ఊడ్చే గౌను కుట్టడం నా జీవితంలో అదొక్కటే, ఎవరికీ చెప్పకుండా నేనూ ఒకసారి తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. కాజీపేట నుంచి పాత పియానో ట్రాలీ ఆటోలో వచ్చింది. దాని మెట్లు కొన్ని పలకవు. వాయిస్తూ ఆ మెట్టు దగ్గరికి రాగానే టీచరమ్మ ఆ స్వరం నోటితో అనేసేది.

పెద్దయ్య మాత్రం ససేమిరా అన్నాడు. సంఘం పిల్లలు ప్రేమ పాటలు పాడటమేంటని చర్చి వరండాలో నిలదీశాడు. చివరికి, "నేను వస్త. ముందటి వరసల కూసుంట. తేడా వచ్చిందనుకో, మా వాళ్ళను లేపుకొని పోత" అన్నాడు. సంఘంవాళ్ళు లేచిపోతే బజారువాళ్ళు మాత్రం ఆగుతారా? కచేరీ పోతే హాలు పోయినట్టే. టీచరమ్మ "రండి అయ్యా, చాలు" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం హాలు నిండి మెట్ల మీద కూడా జనం నిలబడ్డారు. ఎడమ వైపు సంఘంవాళ్ళు, కుడి వైపు బజారువాళ్ళు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే అలా కూర్చున్నారు. ప్రతి పాటకు ముందు టీచరమ్మ లేచి కథ చెప్పేది.

"ఇగ ఇనుండ్రి. ఈ పిలగాడు పడవ నడుపుతడు. ఆ పిల్ల అవతలి ఒడ్డున ఉంటది. ఏరు నిండింది, పడవ పోదు. ఇగ ఏం జేస్తడు? పాడుతడు."

"ఫోన్ చేస్తే అయిపోతది గదా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఫోన్ చేస్తే పాట పుడ్తదా కొడుకా?" అందామె. హాలంతా నవ్వింది. పెద్దయ్య మీసాల చాటున నవ్వాడు, నేను చూశాను.

అన్నీ బాగానే సాగాయి. ఆఖరిది శ్రీలత పాట, అప్పటిదాకా టీచరమ్మ మాకెవరికీ వినిపించనిది. టీచరమ్మ పియానో మీద నెమ్మదిగా వరస మొదలుపెట్టింది. రెండు స్వరాలు పలికాయో లేదో, ఎడమ వైపంతా టపటపమన్న చప్పుడు. సంఘంవాళ్ళు చెప్పులు విడుస్తున్నారు. ఆడవాళ్ళు కొంగు తల మీదికి లాక్కున్నారు. అందరూ లేచి తలలు వంచి నిలబడ్డారు. నేను తెర చాటు నుంచి చూస్తున్నానా, నా చెయ్యి కూడా నా కొంగు మీదికి పోయింది. అది మేం ప్రభువు బల్ల దగ్గర పాడే పాట. నెలనెలా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు పాడేది. టీచరమ్మే మాటలు రాసి నేర్పింది. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆ వరస వింటే కాళ్ళు వాటంతటవే లేస్తాయి.

కుడి వైపు బజారువాళ్ళు ఇది చూసి కంగారుపడ్డారు. జనగణమన లాంటిదేదో అనుకున్నారు. వాళ్ళూ చెప్పులు విడిచి లేచారు. శ్రీలత నా గౌనులో ముందుకొచ్చి కళ్ళు మూసుకుని అందుకుంది:

"ఏరు దాటి వచ్చానే నీ కోసం, నీ పెదవుల మీద నా పేరు వినాలని..."

పెద్దయ్య తల ఒక్కసారిగా లేచింది. వంగిన తలలు ఒక్కొక్కటే లేచాయి. నోళ్ళు తెరుచుకున్నాయి. కానీ కూర్చుందామంటే ఆ వరస మధ్యలో కూర్చోవడం మా ఒంట్లో లేదు. అలా అని పెదవుల గురించి వింటూ తల వంచుకోనూ లేరు. పాటంతా చెప్పుల్లేకుండా నిలబడే విన్నారు. అంత మర్యాదగా ప్రేమ పాట విన్న జనాన్ని నేను మళ్ళీ చూడలేదు.

పాట అయిపోయింది. బల్ల పాటకు చప్పట్లు కొట్టం కాబట్టి సంఘంవాళ్ళు కొట్టలేదు. వాళ్ళు కొట్టలేదని బజారువాళ్ళూ కొట్టలేదు. శ్రీలత కళ్ళు తెరిచి, ఆ నిశ్శబ్దం చూసి, పాట పాడైపోయిందనుకుంది. గౌను అంచు ఎత్తి పట్టుకుని తెర వైపు తిరగబోయింది. అప్పుడు పెద్దయ్య, పాపం, ఏళ్ళ తరబడి ఆ పాట చివర అనడం తన పని కాబట్టి, కావాలని కాదు, నోటికి అలవాటై గట్టిగా, "ఆమేన్!" అన్నాడు.

ఆ నవ్వు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పైకప్పు రేకులు అదిరాయి. చప్పట్లు, ఈలలు. పెద్దయ్య మొహం ఎర్రబడింది. కర్ర టకటకలాడిస్తూ వేదిక ఎక్కాడు. నవ్వు ఆగిపోయింది.

"టీచరమ్మా, ఇన్నేండ్లు మాతోటి బల్ల కాడ ప్రేమ పాట పాడిపిచ్చినవా?"

"పాడిపిచ్చిన అయ్యా."

"ముందుగాల్నే ఎందుకు చెప్పలె?"

"చెప్తే పాడేటోళ్ళా? నాకు ఎరుకైనంతల గంత పావురంగ, ప్రేమగ పిలిచే వరస ఇంకోటి లేదు. దేవుణ్ణి పిలువనీకే అంతకన్న తక్కువది తేవాల్నా?" ఆమె పియానో మూత దించింది. "వద్దంటే తీసేస్త."

పెద్దయ్య కర్ర మీద రెండు చేతులు ఆనించాడు. "తీసేస్తే బల్ల కాడ ఏం పాడాలె? ఇంకోటి ఎవలు ఎత్తుకుంటరు? నువ్వేనాయె" అన్నాడు, సగం కోపంగా, సగం దిక్కుతోచక.

"గందుకేనయ్యా ఈ హాలు" అంది టీచరమ్మ.

పెద్దయ్య కిందికి దిగి, మా వాళ్ళలో ఒకాయన్ని పంపి చర్చి నుంచి కానుకల సంచులు తెప్పించాడు. పొడుగు కర్రలకు కట్టిన ఆ సంచులు ఎడమ వరసల్లో తిరిగాయి. కుడి వైపువాళ్ళకు సంచి పద్ధతి నచ్చలేదు. ఇచ్చింది నలుగురికీ వినపడకపోతే ఎలా? శ్రీలత అత్తగారు మైకు అందుకుని పెళ్ళిలో చదివింపులు చదివినట్టు, ఫలానా కిరాణం వారు, ఫలానా స్టీలు సామాను వారు అని పేరుపేరునా చదివింది. పక్క దుకాణం పేరు విన్నాక ఎవరు ఊరుకుంటారు? ఎండాకాలం పోకముందే అడ్వాన్సు కట్టేశాం, హాలు మాకు దక్కింది. టీచరమ్మ ఆ వారమంతా గోడ అవతల పడవవాడి పాటే పాడింది, అదీ మగ గొంతుతో.

బల్ల పాట మారలేదు. ఇప్పటికీ అదే. కాకపోతే ఆ వరస రాగానే కొందరు ఆలుమగలు ఒకరినొకరు చూసుకుంటారు.

ఇంతా చేసి, ఆమె కోరిక తీరిందా అంటే తీరలేదనే చెప్పాలి. హాల్లో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంటే పిల్లలు ఎత్తుకునేవారు. కానీ నిజంగా జనం ముందు, చర్చిలో గానీ, వేదిక మీద గానీ, అందరం మళ్ళీ ఆమె గడ్డం వైపే చూసేవాళ్ళం. శ్రీలత అంతటిది కూడా అంతే. గొంతులో బంగారం ఉంది, కానీ మొదటి స్వరం టీచరమ్మ ఇస్తే గానీ నోరు తెరిచేది కాదు. "భయమైతాంది టీచర్" అనేది. "నాక్కూడ అయితది బిడ్డా, రోజూ" అనేది ఆమె. పోయే ముందు ఆదివారం కూడా, ఆయాసంతో ఊపిరి అందకపోయినా, ముందు వరసలో కూర్చుని మొదటి ముక్క తానే ఎత్తుకుంది. నాకు ఆమె మీద జాలి వేసింది, మా అందరి మీద చిరాకు వేసింది.

సమాధుల తోటకు ఊరంత జనం వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. పెట్టె గోతి పక్కన ఉంది. ఇక పాట పాడాలి. ఎవరూ నోరు విప్పలేదు. పెద్దయ్య నన్ను చూశాడు, నేను పక్కామెను చూశాను. గాయక బృందం వాళ్ళు దగ్గుకున్నారు. ఆఖరికి మేమందరం ఏం చేశామో తెలుసా? పెట్టె వైపు చూశాం. అలవాటు. ఆమె లేచి గడ్డం ఎత్తుతుందన్నట్టు పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాం. మూగవాళ్ళలాగే. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

శ్రీలత లోపలికి రాలేదు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఇలాంటి చోట అడుగు పెట్టరు. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఆటోలో వచ్చి గేటు బయటే నిలబడ్డారు. వచ్చేటప్పుడు నేను పలకరిస్తే, "ఈడిదాంకనే ఆంటీ" అంది.

ఆ గేటు దగ్గర నుంచి వచ్చింది గొంతు. హాల్లో తరగతికి ముందు టీచరమ్మ అందరి చేత పాడించే చిన్న పాట, తెల్లవారడం మీద ఆమె కట్టింది. మా పిల్లలూ బజారు పిల్లలూ దాన్ని ఇళ్ళకు మోసుకొచ్చారు కాబట్టి అందరికీ వచ్చు. మొదటి ముక్క కొంచెం వణికింది. రెండోది నిలబడింది. శ్రుతి ఎక్కువ కాలేదు, తక్కువా కాలేదు. పెద్దయ్య ముసలి గొంతు కూడా అందుకోగలిగినంతలో ఉంది. ఆయనే ముందు అందుకున్నాడు. తర్వాత నేను, ఒక మెట్టు కిందగా. తర్వాత అందరూ.

పాడుతూ పాడుతూ మేం తిరిగాం. ఎవరు ముందు తిరిగారో తెలియదు. గోతి తవ్వినవాళ్ళు పారల మీద చేతులానించి తిరిగారు, పాస్టరు గారు తిరిగారు. ఇంతమందిమీ టీచరమ్మకు వీపు పెట్టి, గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుని పాడుతున్న ఆ పిల్ల వైపు చూస్తూ పాట పూర్తి చేశాం.